ఇంజిన్ ట్యూనింగ్ చేయించాలనుకుంటున్నారా? ముందు వారంటీ సంగతి ఇలా తేల్చుకోండి

టర్బో కారు కొన్న ఏడాదికో రెండేళ్లకో చాలామందికి ఒక ఆశ మొదలవుతుంది. ఇదే ఇంజిన్‌ను కంపెనీ పై మోడల్‌లో ఎక్కువ పవర్‌తో అమ్ముతోంది, తేడా చాలావరకు సాఫ్ట్‌వేర్‌లోనే ఉందట, ల్యాప్‌టాప్ తగిలించి గంటా రెండు గంటల్లో మార్చేస్తారట. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: మరి వారంటీ పోతుందా?

దీనికి రెండు జవాబులు వినిపిస్తుంటాయి. ఒకటి, 'చేయి పెట్టావంటే మొత్తం వారంటీ గోవిందా' అని. రెండోది, 'సర్వీసుకు వెళ్లే ముందు పాత ఫైల్ మళ్లీ వేసేస్తే ఎవరికీ తెలియదు' అని. రెండూ తప్పే. రెండోది నమ్మినవాళ్లు మరీ ఎక్కువగా నష్టపోతారు. వారంటీ సాధారణంగా ఒకేసారి మొత్తం పోదు, భాగం భాగంగా బలహీనపడుతుంది. పాడైన భాగానికీ మీరు చేయించిన మార్పుకీ లింకు ఉందా, ఉందని వాళ్లు చూపించగలరా, లేదని మీరు చూపించగలరా అన్నదాని మీదే క్లెయిమ్ నిలబడుతుంది. కాబట్టి ట్యూనింగ్ చేయించే ముందు, తర్వాత, ఏదైనా పాడైన రోజు మీరేం చేయాలో వరసగా చెబుతాను. ఇందులో కొంత నా కారుతో నేర్చుకున్నదే.

మొదటి పని: వారంటీ పుస్తకంలో ఒక వాక్యం వెతకండి

గ్లవ్ బాక్స్‌లో కవరు కూడా విప్పకుండా పడి ఉండే ఆ పుస్తకాన్ని తీయండి. 'వర్తించనివి' అన్న భాగం తెరవండి. మార్పుల గురించి అక్కడ రాసిన వాక్యం రెండు రకాల్లో ఏదో ఒకటిగా ఉంటుంది.

మొదటి రకం: 'కంపెనీ ఆమోదించని మార్పుల వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు.' రెండో రకం: 'ఇంజిన్ పనితీరు మార్చిన వాహనానికి వారంటీ వర్తించదు.' చదవడానికి ఒకేలా అనిపిస్తాయి కానీ రెంటికీ చాలా తేడా ఉంది. మొదటిదాంట్లో 'వల్ల' అన్న మాట మీకు అండ. నష్టానికి కారణం మార్పేనని వాళ్లు తేల్చాలి. రెండోదాంట్లో కారణంతో పనే లేదు, మార్పు ఉంటే చాలు. కొన్ని పుస్తకాల్లో ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు రెండో రకం వాక్యం, మిగతా కారుకు మొదటి రకం వాక్యం ఉంటాయి. పెన్సిల్‌తో గీత గీసి పెట్టుకోండి.

మీ దేశంలో వినియోగదారుల చట్టం ఏం చెబుతుందో కూడా చూసుకోండి, ఎందుకంటే పుస్తకంలో రాసిన ప్రతి వాక్యమూ చట్టం ముందు నిలబడాలని లేదు. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం బయటి విడిభాగం వాడారన్న ఒక్క కారణంతో కంపెనీ వారంటీ నిరాకరించడం కుదరదు, నష్టం ఆ భాగం వల్లే జరిగిందని చూపాలి. ట్యూనింగ్ అమ్మేవాళ్లు ఈ చట్టం పేరు తరచూ చెబుతుంటారు. నిజమే, కానీ అది ఎంతవరకు ఆదుకుంటుందో తెలుసుకోండి. ఎయిర్ ఫిల్టర్ మార్చినందుకు ఏసీ కంప్రెసర్ క్లెయిమ్ ఆపితే చట్టం మీ వైపు ఉంటుంది. బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచిన ఇంజిన్‌లో పిస్టన్ పగిలితే మాత్రం లింకు చూపడం కంపెనీకి పెద్ద కష్టం కాదు.

ఇంకో విషయం. మనం 'వారంటీ' అనేది నిజానికి ఒక్కటి కాదు. కారు మొత్తానిది, ఇంజిన్-గేర్‌బాక్స్‌లది, పొగ నియంత్రణ భాగాలది, తుప్పుది, బ్యాటరీది వేర్వేరుగా ఉంటాయి. డబ్బు కట్టి పొడిగించుకున్న వారంటీ అయితే చాలాసార్లు అసలు కంపెనీది కూడా కాదు, దాని వెనక బీమా సంస్థ ఉంటుంది, దాని షరతులు ఇంకా బిగువు. ఏది ఏ తేదీ వరకు, ఎన్ని కిలోమీటర్ల వరకు ఉందో ఒక కాగితం మీద రాసుకోండి. ఇంజిన్ వారంటీ ఇంకో ఐదు నెలల్లో అయిపోతుందని తేలితే, ఆ ఐదు నెలలు ఆగమనే నేను చెబుతాను.

రెండో పని: పెంచిన శక్తి ఎక్కడికి పోతుందో అర్థం చేసుకోండి

ఇది తీరిగ్గా చదవండి. రేపు క్లెయిమ్ వేసినప్పుడు ఏది నిలబడుతుంది, ఏది నిలబడదు అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్ తొక్కితే మీరు నేరుగా గాలి తలుపు తెరవడం లేదు. ఇంత టార్క్ (తిప్పే బలం) కావాలని ఈసీయూని, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌ని, అడుగుతున్నారు. అది తన దగ్గరున్న పట్టికలు చూసి బూస్ట్ ఎంత, పెట్రోల్ ఎంత, స్పార్క్ ఎప్పుడు అని లెక్కగట్టి, చివర్లో తన పరిమితులతో సరిచూసుకుని అంతమేరకే ఇస్తుంది. రీమ్యాప్ అంటే ఆ పట్టికలనూ ఆ పరిమితులనూ మార్చడం. టర్బో లేని ఇంజిన్‌లో దీనివల్ల వచ్చేది స్వల్పం. టర్బో ఉంటే టార్క్ నాలుగో వంతు దాకా పెరగడం మామూలే, అందుకే ఆశ అంతా అక్కడే.

ఆ పెరిగిన టార్క్ ఇంజిన్‌లోనే ఆగిపోదు. పిస్టన్ నుంచి క్రాంక్‌షాఫ్ట్, అక్కడి నుంచి క్లచ్, గేర్లు, డ్రైవ్‌షాఫ్ట్, టైరు దాకా వెళ్తుంది. ఈ గొలుసులో ఏ లంకె బలహీనమో అదే ముందు తెగుతుంది. ఉదాహరణకు ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ కార్లలో వచ్చే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డీక్యూ200 అని పిలిచేది, 250 న్యూటన్ మీటర్ల టార్క్ కోసం తయారైంది. అదే గ్రూప్‌లోని ఆరు గేర్ల వెట్ క్లచ్ డీక్యూ250 అయితే 350 దాకా తట్టుకుంటుంది. 250కి కట్టిన గేర్‌బాక్స్ ముందు 300 ఇచ్చే ఇంజిన్‌ను పెట్టి, క్లచ్ ప్యాక్ కాలిపోయాక వారంటీ అడిగితే ఏ జవాబు వస్తుందో ఊహించుకోవచ్చు. మీ కారు గేర్‌బాక్స్ ఏదో, దాని పరిమితి ఎంతో ముందు తెలుసుకోండి. హార్స్‌పవర్ అంకె అందరూ అడుగుతారు, ఇది మాత్రం అడగరు.

చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లకు ఇంకో ప్రమాదం ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పెద్ద గేరులో గట్టిగా తొక్కినప్పుడు, స్పార్క్ పడకముందే గాలి-పెట్రోల్ మిశ్రమం అంటుకోవచ్చు. దీన్ని ఎల్‌ఎస్‌పీఐ అంటారు. మామూలు నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి అంటుకుని ఇంజిన్ టకటకలాడడం) కంటే ఇది చాలా తీవ్రం, కొద్ది దెబ్బలకే పిస్టన్ రింగుల మధ్య గట్టు పగలవచ్చు. కార్ల కంపెనీలు దీనికెంత భయపడ్డాయంటే, దీన్ని తగ్గించే ఇంజిన్ ఆయిల్ కోసం 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్ అనే కొత్త ప్రమాణం, 2020లో దాని తర్వాతి ఎస్‌పీ వచ్చాయి. పదిహేను వందల ఆర్‌పీఎం దగ్గరే టార్క్‌ను కొండలా లేపే రీమ్యాప్ నడపడానికి హాయిగా ఉంటుంది. కానీ ఇంజిన్‌ను తోసేది సరిగ్గా ఆ ప్రమాదంలోకే.

డీజిల్‌లో సమస్య వేడి. ఉన్న గాలి చాలనంతగా ఇంధనం ఎక్కువైతే ఎగ్జాస్ట్ ఉష్ణోగ్రత పెరుగుతుంది, మసి పెరుగుతుంది, డీపీఎఫ్ (మసి పట్టే ఫిల్టర్) త్వరగా నిండుతుంది. దాంతో మాటిమాటికీ రీజెనరేషన్ (ఆ మసిని కాల్చేయడం), దాంతో ఆయిల్‌లో డీజిల్ కలవడం.

ఇప్పుడు దీన్ని క్లెయిమ్ భాషలోకి మార్చండి. రీమ్యాప్ చేయించిన కారులో పిస్టన్, టర్బో, క్లచ్, గేర్‌బాక్స్, డ్రైవ్‌షాఫ్ట్, క్యాటలిటిక్ కన్వర్టర్, డీపీఎఫ్, ఇంజెక్టర్లు, డీజిల్ హై ప్రెషర్ పంపు: వీటి క్లెయిమ్ పోయినట్టే అనుకుని మీ దగ్గర అంత డబ్బు పక్కన ఉందో లేదో చూసుకోండి. కిటికీ మోటారు, ఏసీ, స్క్రీన్, స్టీరింగ్, రంగు, తుప్పు: వీటికీ రీమ్యాప్‌కీ సంబంధం లేదు, వదులుకోవద్దు. వాటర్ పంపు, ఆల్టర్నేటర్, ఆయిల్ లీకులు, ఇంజిన్ మౌంటులు మధ్యలో ఉంటాయి. వాదన జరిగేదంతా ఈ మధ్యవాటి మీదే.

సాఫ్ట్‌వేర్ ముట్టుకోని చిన్న మార్పుల మాటా చెప్పాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత సైలెన్సర్ మాత్రమే మారిస్తే ఇంజిన్ వారంటీకి దాదాపు ఏమీ కాదు. కన్వర్టర్‌నే తీసేసి ఖాళీ గొట్టం (డౌన్‌పైప్) వేస్తే కన్వర్టర్ పనిచేయడం లేదనే పీ0420 ఫాల్ట్ కోడ్ వస్తుంది, చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా, నేను చేయించమని చెప్పను. నూనె రాసే రకం ఎయిర్ ఫిల్టర్‌కు నూనె ఎక్కువైతే గాలి కొలిచే సెన్సర్ మీద పేరుకుంటుంది, ఆ సెన్సర్ క్లెయిమ్ నిలబడదు.

మూడో పని: వాళ్లకు ఎలా తెలుస్తుందో తెలుసుకోండి

దాచడానికి కాదు. దాచగలమన్న భ్రమ పోవడానికి.

ఈసీయూలో ఉన్న ప్రోగ్రామ్‌కు ఒక పేరు, ఆ ప్రోగ్రామ్ మొత్తం మీద లెక్కగట్టిన ఒక సరిచూపు సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యనే సీవీఎన్ అంటారు. ఓబీడీ-2 పోర్టు (కారులో స్కానర్ తగిలించే సాకెట్) ద్వారా దాన్ని ఎవరైనా చదవచ్చు. పట్టికలో ఒక్క అంకె మారినా మామూలుగా ఈ సంఖ్య మారుతుంది. సర్వీస్ సెంటర్ సాధనం కంపెనీ సర్వర్‌తో పోల్చుకుంటే ఇది మా ఫైల్ కాదని తేలిపోతుంది. కొందరు ట్యూనర్లు పాత సంఖ్యనే చూపించేలా రాస్తారు. అయితే ఈసీయూలో ఎన్నిసార్లు కొత్త ప్రోగ్రామ్ వేశారో లెక్కపెట్టే కౌంటర్ కూడా చాలా కార్లలో ఉంటుంది. కంపెనీ రికార్డు ప్రకారం రెండుసార్లు వేయాల్సినచోట కౌంటర్ నాలుగు చూపిస్తే? పాత ఫైల్ మళ్లీ వేయడం కూడా ప్రోగ్రామ్ ఇంకోసారి రాయడమే, అదీ లెక్కలోకి వస్తుంది. అందుకే 'వెనక్కి మార్చేస్తే తెలియదు' అన్న మాట నమ్మవద్దంటున్నాను.

ఒకసారి బయటపడితే ఆ సమాచారం ఆ సర్వీస్ సెంటర్‌తో ఆగదు. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లకు టీడీ1 అనే గుర్తు కారు చాసిస్ నంబరు మీద పడుతుంది, ఆ తర్వాత ఏ ఊళ్లో ఏ డీలర్ దగ్గరికి వెళ్లినా అది కనిపిస్తుంది. పోర్షే కార్లయితే ఇంజిన్ పరిమితి దాటి ఎన్నిసార్లు, ఎంత తీవ్రతతో తిరిగిందో కూడా అంచెలుగా దాచిపెట్టుకుంటాయి.

సరే, ఈసీయూ ముట్టుకోకుండా సెన్సర్ వైరుకు మధ్యలో పెట్టే ట్యూనింగ్ బాక్స్ మాటేమిటి? అది బూస్ట్ సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని, ఉన్న ఒత్తిడి కంటే తక్కువ చెబుతుంది. ఈసీయూ దాన్ని నమ్మి ఇంకొంచెం పెంచుతుంది. తీసేస్తే ప్రోగ్రామ్ అలాగే ఉంటుంది కాబట్టి సీవీఎన్ తేడా రాదు. కానీ ఫాల్ట్ కోడ్ పడిన క్షణంలో ఈసీయూ తీసి దాచుకునే ఫ్రీజ్ ఫ్రేమ్‌లో అసంబద్ధమైన లెక్కలు దొరుకుతాయి. కనెక్టర్ లాక్ మీద గీతలు, వైరింగ్ టేపు ఊడదీసి చుట్టిన గుర్తు చూడగానే తెలుస్తాయి. అన్నిటికీ మించి, ఇంజిన్ విప్పాక పగిలిన పిస్టన్‌ను చూసి అది ఎక్కువ ఒత్తిడికి పగిలిందా, తయారీ లోపంతోనా అని అనుభవం ఉన్న మనిషి చాలావరకు చెప్పగలడు. ఇంకా నాకు బాక్స్‌లతో ఒక పేచీ ఉంది. అది ఈసీయూకి అబద్ధం చెప్పి పని చేయించుకుంటుంది, రక్షణ లెక్కలన్నీ తప్పు అంకెల మీద నడుస్తాయి. వారంటీ భయంతో రీమ్యాప్ బదులు బాక్స్ ఎంచుకోవడం ఇంజిన్‌కు మేలు చేసే పని కాదు.

నాలుగో పని: కంపెనీ ఆమోదించిన దారి ఉందేమో ముందు అడగండి

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. కొన్ని కంపెనీలు తమ వారంటీ చెడకుండా తామే పవర్ పెంచి ఇచ్చాయి. వోల్వో కార్లకు పోల్‌స్టార్ సాఫ్ట్‌వేర్ అలాంటిదే, డీలర్ దగ్గరే వేసేవారు, వారంటీ అలాగే ఉండేది. బీఎండబ్ల్యూ ఎం పర్ఫార్మెన్స్ పవర్ కిట్లు, ఫోర్డ్ పర్ఫార్మెన్స్ కాలిబ్రేషన్లు కూడా ఈ కోవలోవే. పెరిగేది బయటి రీమ్యాప్ కంటే తక్కువ, ఖర్చు ఎక్కువ. వారంటీ రెండేళ్లకు పైగా మిగిలి ఉంటే నా ఓటు మాత్రం దీనికే. మీ కారుకు ఉందో లేదో డీలర్‌ను ఈమెయిల్‌లో అడగండి, జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి. 'ఏం కాదు సార్, మేం చూసుకుంటాం' అని కౌంటర్ దగ్గర అన్న మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు.

కొందరు ట్యూనర్లు తమ సొంత వారంటీ ఇస్తామంటారు. అది తీసుకునేముందు నాలుగు చూడండి: ఒక్కో క్లెయిమ్‌కు గరిష్ఠంగా ఎంత ఇస్తారు, కూలి కలుస్తుందా, గేర్‌బాక్స్ ఉందా ఇంజిన్ ఒక్కటేనా, కారు వయసు-కిలోమీటర్ల పరిమితి ఎంత. 'మా ఫైల్ వల్ల నష్టం జరిగిందని రుజువైతే' అన్న షరతు ఉంటే, ఆ రుజువు భారం మీ నెత్తిన పడిందన్నమాట.

ఐదో పని: ట్యూనింగ్‌కు ముందే సాక్ష్యం పోగు చేయండి

నేను చేయనిది ఇదే, నష్టపోయిందీ ఇక్కడే.

నా కారుకు వారంటీ నడుస్తుండగానే రీమ్యాప్ చేయించాను. అంతకుముందే నాలుగో గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు అప్పుడప్పుడు క్లచ్ తేడాగా అనిపించేది, పట్టించుకోలేదు. రీమ్యాప్ అయిన నాలుగు నెలలకు అది బాగా బయటపడింది. తొక్కితే ఆర్‌పీఎం ముల్లు గబగబా పైకి లేస్తుంది, స్పీడోమీటరు ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సర్వీస్ అడ్వైజర్ ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పాడు. ఒకదాని కింద ఒకటి రెండు సీవీఎన్ వరసలు, ఒక్కోదాంట్లో ఎనిమిది గుర్తులు. పైది కంపెనీది, కిందది నా కారుది. మొదటి గుర్తు నుంచే కలవడం లేదు. 'రీమ్యాప్‌కు ముందు నుంచే క్లచ్ జారేది' అన్నాను. 'ఎక్కడైనా రాయించారా?' అని అడిగాడు. రాయించలేదు. నా మాట నిజమే, కానీ చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. క్లచ్ డబ్బు నేనే కట్టుకున్నాను.

కాబట్టి మీరు ఇలా చేయండి. ట్యూనింగ్‌కు నెల ముందు కారును కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. శబ్దం, కుదుపు, లీకు, క్లచ్ తేడా, ఏ చిన్న ఫిర్యాదైనా జాబ్‌కార్డులో రాయించి కాపీ తీసుకోండి. వారంటీ కింద సరిచేయాల్సినవన్నీ అప్పుడే చేయించుకోండి. పెండింగ్ రీకాల్ ఉందేమో అడిగి అదీ పూర్తి చేయించండి. తర్వాత కారులోని అన్ని మాడ్యూళ్ల (ఎలక్ట్రానిక్ యూనిట్ల) స్కాన్ రిపోర్టు తీసుకోండి. వీలైతే సిలిండర్ల కంప్రెషన్ టెస్ట్ చేయించండి, ఏ సిలిండర్ ఎంత చూపించిందో రాయించుకోండి. ఓడోమీటరు కనిపించేలా ఫొటో తీయండి. ఇంజిన్ ఆయిల్ ఏ ప్రమాణానిదో బిల్లు మీద ఉండాలి, 'ఆయిల్ - నాలుగు లీటర్లు' అని రాస్తే సరిపోదు.

అసలు ఫైల్ కాపీ మీ చేతికి ఇవ్వనంటే ఆ ట్యూనర్ దగ్గర చేయించవద్దు. మీ కారులోంచి తీసినదే కావాలి, ఎక్కడి నుంచో దించిన అలాంటి ఫైల్ కాదు. కొన్ని కొత్త ఈసీయూలను పోర్టు ద్వారా రాయడం కుదరదు, పెట్టె విప్పి తెరవాల్సి వస్తుంది. మీ కారుకు అలా చేస్తారా అని ముందే అడగండి, ఎందుకంటే సీలు తెగిన పెట్టెను మళ్లీ అతికించినా ఆ జాడ పోదు.

ఆరో పని: ఫైల్‌ను మీ బలహీన లంకెకు తగ్గట్టు అడగండి

'ఎంత పెరుగుతుంది?' అని అడిగితే ట్యూనర్ గరిష్ఠం ఇస్తాడు. మీరు అడగాల్సింది వేరు. గేర్‌బాక్స్ పరిమితికి కిందే టార్క్ ఆపమనండి. రెండు వేల ఆర్‌పీఎం లోపు టార్క్‌ను కంపెనీ ఇచ్చినదానికి దగ్గరగా ఉంచి, పైన పెంచమనండి. మీరు రోజూ కొట్టించే పెట్రోల్ ఆక్టేన్‌కే రాయమనండి. 98 ఆక్టేన్‌కు రాసిన ఫైల్ మీద 95 కొట్టిస్తే నాక్ సెన్సర్ కాపాడుతుంది నిజమే, కానీ రోజూ దాని మీదే ఆధారపడి నడపడం మంచిది కాదు. ఉష్ణోగ్రత పరిమితులను, నాక్ రక్షణను, పొగ నియంత్రణ భాగాలను ముట్టుకోవద్దని రాతపూర్వకంగా తీసుకోండి.

అయ్యాక మూడో గేరులో పూర్తిగా తొక్కి తీసిన లాగ్ (సెన్సర్ల అంకెల రికార్డు) ఒకటి అడిగి దాచుకోండి: అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్, నాక్ సవరణ, గాలి ఉష్ణోగ్రత. అడిగిందీ వచ్చిందీ రెండు గీతలూ దగ్గరగా నడుస్తుంటే ఫైల్ చక్కగా ఉన్నట్టు. ఇదే లాగ్ ప్రతి ఆరు నెలలకూ తీస్తే ఏది ఎప్పుడు మొదలైందో మీ దగ్గర తేదీతో ఉంటుంది.

బీమా సంస్థకు కూడా తెలియజేయండి. చెప్పని మార్పు ప్రమాదం జరిగిన రోజున బయటపడితే, వారంటీ పోవడం కంటే పెద్ద దెబ్బ అది.

మామూలు సర్వీసుకు ఇచ్చేటప్పుడు 'నన్ను అడగకుండా ఈసీయూ అప్‌డేట్ చేయవద్దు' అని జాబ్‌కార్డు మీద రాయించండి. అప్‌డేట్ వేస్తే మీ ఫైల్ పోతుంది. దానికి డీలర్ బాధ్యత ఉండదు.

ఏడో పని: ఏదైనా పాడైన రోజు

హెచ్చరిక లైటు వెలిగితే బండి పక్కకు తీసి ఆపండి. కోడ్ చదివి ఫొటో తీయండి, తుడిచేయవద్దు. ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా దాంతో పాటే పోతుంది, అది మీకు పనికొచ్చే సాక్ష్యం కూడా కావచ్చు. పాత ఫైల్ వేసుకుని ఏమీ తెలియనట్టు వెళ్లవద్దు. దొరికిపోతారని మాత్రమే కాదు, దాచి క్లెయిమ్ చేయడం మోసం కిందికి వస్తుంది. ఒక్కసారి అబద్ధం చెప్పినట్టు తేలితే, సంబంధం లేని భాగాల క్లెయిమ్ కూడా ఎవరూ నమ్మరు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

క్లెయిమ్ వేసేటప్పుడు పాడైన భాగం, దాని లక్షణం మాత్రం చెప్పండి. ఇంజిన్ విప్పి చూడాలి అంటే సంతకం పెట్టేముందు ఒక్కటి అడగండి: క్లెయిమ్ తిరస్కరిస్తే విప్పిన కూలి ఎవరిది? చాలా ఫారాల్లో అది మీదేనని చిన్న అక్షరాల్లో ఉంటుంది. విప్పే రోజున మీరుగానీ, మీరు నమ్మే మెకానిక్ గానీ అక్కడ ఉంటామని ముందే చెప్పండి. పాడైన భాగం పారేయవద్దని రాసివ్వండి.

తిరస్కరిస్తే నోటిమాటతో ఇంటికి రావద్దు. మూడు విషయాలు రాతలో అడగండి. ఏ భాగం క్లెయిమ్ తిరస్కరించారు? పుస్తకంలోని ఏ వాక్యం ప్రకారం? మార్పు వల్లే పాడైందని ఏ పరీక్షలో తేలింది?

ఈ మూడు ప్రశ్నల విలువ నాకు రెండోసారి తెలిసింది. క్లచ్ గొడవ అయిన కొన్ని నెలలకు కూలెంట్ తగ్గడం మొదలైంది. అదే సర్వీస్ సెంటర్‌లో 'మీ బండి మాడిఫైడ్ అని సిస్టంలో ఉంది, ఇంజిన్‌కు సంబంధించిందేదీ రాదు' అన్నారు. ఈసారి నేను టార్చి వేసి దగ్గరగా చూసి వెళ్లాను. వాటర్ పంపు ప్లాస్టిక్ గూడు రెండు ముక్కలు అతికే చోట గులాబీ రంగు పొడి గట్టిపడి ఉంది, దాని కిందకే తడి చార. గ్యాస్కెట్ దగ్గర, గొట్టాల దగ్గర అంతా పొడిగా ఉంది. ఫొటోలు జతచేసి, ఈసీయూ ఫైల్ మార్చితే ప్లాస్టిక్ అతుకు ఎలా ఊడుతుందో వివరించమని రాశాను, కూలెంట్ ఉష్ణోగ్రత ఎప్పుడూ మామూలుగానే ఉందని చూపే లాగ్‌లు పెట్టాను. డీలర్ దగ్గర ఆగకుండా కంపెనీ వినియోగదారుల విభాగానికి కూడా అదే ఉత్తరం పంపాను. పన్నెండు రోజులకు పంపు మార్చుకోవడానికి రమ్మని ఫోన్ వచ్చింది. పైసా తీసుకోలేదు.

అప్పుడు కూడా ఒప్పుకోకపోతే స్వతంత్ర ఇంజినీరు చేత తనిఖీ చేయించి రిపోర్టు తీసుకోండి, దాంతో మీ దగ్గరున్న వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. రిపోర్టుకు ఖర్చవుతుంది కాబట్టి చిన్న భాగానికి అంత దూరం వెళ్లనక్కర్లేదు. గేర్‌బాక్స్ లాంటిదైతే, మీ దగ్గర ముందునాటి జాబ్‌కార్డు ఉంటే, వెళ్లండి. అదే మోడల్‌లో, ట్యూనింగ్ లేని కార్లలోనూ అదే లోపం వస్తోందని కంపెనీ డీలర్లకు పంపిన సర్వీస్ బులెటిన్ దొరికితే మీ వాదనకు అంతకంటే బలం ఇంకోటి లేదు. భద్రతకు సంబంధించిన రీకాల్ అయితే అసలు వారంటీ లెక్కలోకే రాదు, మార్పు చేసిన కారుకైనా అడిగి చేయించుకోండి.

అమ్మేటప్పుడు

కారు చాసిస్ నంబరు మీద పడిన గుర్తు మీతో రాదు, కారుతోనే ఉంటుంది. మిగిలిన వారంటీ చూసి కొనేవాళ్లు ఉంటారు, వాళ్లకు ముందే చెప్పండి. అసలు ఫైల్ వేసి అమ్మినా, ఎప్పుడు మార్చారో, ఎన్ని కిలోమీటర్లు అలా నడిపారో కాగితం మీద రాసి, ముందునాటి స్కాన్ రిపోర్టు, లాగ్‌లు, ఆయిల్ బిల్లులు, అసలు ఫైల్ ఉన్న పెన్‌డ్రైవ్ అన్నీ ఒకే కవరులో పెట్టి ఇవ్వండి. నా కారు కొన్నాయన ఆ కవరు తెరిచి, మిగతావన్నీ పక్కన పెట్టి, ముందుగా క్లచ్ బిల్లు చదివాడు.